ఆడబిడ్డ నిలిపిన రాజపటం

కాకతి గణపతిదేవుడు అరవై ఏళ్లకు పైగా రాజ్యం చేశాడు. 1199లో శత్రువుల చెర నుంచి విడుదలై గద్దె ఎక్కినవాడు 1262 దాకా ఏలాడు. మోటుపల్లి రేవుకు వచ్చే ఓడ వర్తకులకు భరోసా ఇస్తూ 1244లో ఆయన వేయించిన అభయశాసనాన్ని ఈనాటికీ చదువుకోవచ్చు. ఏ సరుకు మీద ఎంత సుంకమో కూడా అందులో ఉంది. ఇంత చేసిన మనిషి చూడటానికి ఎలా ఉండేవాడో చెప్పే రంగుల బొమ్మ ఒక్కటి కూడా మన దాకా రాలేదు. ఆయన కూతురు రుద్రమదేవి సంగతీ అంతే. హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద మనం చూసే రుద్రమ ముఖం మన కాలపు శిల్పి ఊహించి చేసినది. పాఠ్యపుస్తకాల్లో ఉన్నదీ ఊహే.

బొమ్మలు గీసే చేతులు లేక ఇలా జరగలేదు. ఓరుగల్లులో చిత్తరువులు రాసేవాళ్ల ఇళ్లు 1500 ఉండేవని ఏకామ్రనాథుడి ప్రతాపచరిత్ర చెబుతుంది. ఆ అంకెను కొంత తగ్గించి చూసినా అదొక పెద్ద పేట. ప్రతాపరుద్రుడి కాలంలో మాచల్దేవి అనే వేశ్య కొత్తగా కట్టుకున్న చిత్రశాల ముచ్చట క్రీడాభిరామంలో వస్తుంది. గోడల నిండా పురాణ కథల బొమ్మలు వేయించుకుందట. పిల్లలమర్రి నామేశ్వరాలయంలో క్షీరసాగర మథనం చిత్రం రంగులు వెలిసిపోయి, ఆనవాళ్లుగా మాత్రం మిగిలింది. దేవుళ్లను గీసిన ఆ కుంచెలు రాజులనూ గీసే ఉంటాయని నా నమ్మకం. 1323లో ఢిల్లీ సేనల చేతిలో ఓరుగల్లు కూలినప్పుడు సున్నపు గోడలు, వాటి మీది రంగులు కూడా పోయాయి.

కాకతీయుల పటం మాత్రం ఒకటి మిగిలింది. అందులో ముఖాలు లేవు, పేర్లున్నాయి. అది గుడ్డ మీద గీసినది కాదు గనుక ఎండకు వెలవలేదు, వానకు కరగలేదు. మహబూబాబాద్ జిల్లా బయ్యారంలో, ఒక చెరువు తవ్వించిన సందర్భంగా 1219లో ఒక రాజుగారి చెల్లెలు దాన్ని రాతి మీద చెక్కించింది. చరిత్రకారులు దాన్ని బయ్యారం చెరువు శాసనం అంటారు. నేను దాన్ని రాజపటం అంటున్నాను. ఎందుకో చెప్పాలంటే ముందు అసలైన రాజపటం ఎలా పుడుతుందో చూడాలి. అందుకు కాసేపు స్పెయిన్ దాకా వెళ్లక తప్పదు. రాజుల బొమ్మలను రాచకార్యంలో భాగం చేసుకున్న కొలువు అది. పైగా అక్కడ ఒక బొమ్మ పుట్టుక వివరాలు ఆనాటి కాగితాల్లో పూసగుచ్చినట్టు మిగిలాయి.

1644 వేసవి నాటికి స్పెయిన్ రాజు నాలుగో ఫిలిప్ గడ్డుకాలంలో ఉన్నాడు. నాలుగేళ్ల కిందట కాటలోనియా తిరగబడింది. ఫ్రెంచి సేనలు తిరుగుబాటుదార్లకు అండగా దిగాయి. చేజారిన లేరిదా పట్నాన్ని మళ్లీ పట్టుకోవడానికి రాజు స్వయంగా దండు వెంట కదిలి, ఫ్రాగా అనే చిన్న ఊళ్లో విడిది చేశాడు. ఆస్థాన చిత్రకారుడు దియేగో వెలాస్కెజ్ కూడా ఆ దండులో ఉన్నాడు. 1623లో, ఇరవై నాలుగేళ్ల కుర్రవాడిగా మాడ్రిడ్ వచ్చి కొలువులో చేరిన నాటి నుంచీ రాజు ముఖం ఆయనకు కొట్టినపిండి. ఇప్పుడు చిత్రకారుడికి నలభై అయిదు, రాజుకు ముప్పై తొమ్మిది.

ఫ్రాగాలో బొమ్మ గీయడానికి దొరికిన గది కూలిపోయేలా ఉంది. గోడలకు మరమ్మతు చేయించారు. వెలుతురు చాలక కొత్తగా కిటికీ పెట్టించారు. పటాన్ని ఆనించి నిలబెట్టే కొయ్య చట్రం వెంట తెచ్చుకోలేదు గనుక ఆ ఊరి వడ్రంగి చేతనే చేయించారు. రాజు వచ్చి నిలబడే రోజుల్లో నేల మీద రెల్లు పరిచారు. మూడంటే మూడు విడతలు నిలబడ్డాడు రాజు. ఆ మూడు విడతల్లో వెలాస్కెజ్ చూడవలసిందంతా చూసుకుని పటం పూర్తి చేశాడు.

ఆ పటం ఇప్పుడు న్యూయార్క్‌లోని ఫ్రిక్ మ్యూజియంలో ఉంది. ఎత్తు నాలుగడుగుల పైచిలుకు. రాజు దండనాయకుడి వేషంలో ఉన్నాడు. ఎర్రటి అంగీ, దాని నిండా వెండి జరీ, ఒక చేతిలో సేనాధిపత్యపు దండం, ఇంకో చేతిలో నల్లటి టోపీ. వెనకాల ఏమీ లేదు. కోట, గుర్రం, యుద్ధం ఏవీ లేవు. ఉత్త గోధుమరంగు నేపథ్యం. చేతుల మీది జరీని దగ్గరికి వెళ్లి చూస్తే అది జరీలా కనబడదు. తెల్లగా, బూడిదరంగుగా ఎడాపెడా వేసిన కుంచె మచ్చలు కనబడతాయి. నాలుగడుగులు వెనక్కి వేస్తే అవే మచ్చలు కలిసి, వెలుతురు పడ్డ వెండిదారమై మెరుస్తాయి. దారం దారం గీసే ఓపిక కంటే, ఎంత వదిలేసినా చూసేవాడి కన్ను పూరించుకుంటుందో తెలియడం పెద్ద విద్య. ఇక ముఖానికి వస్తే, పొడుగు దవడ, బరువైన పెదవి ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. వాటిని అందంగా దిద్దలేదు. అలసట మాత్రం కనబడనివ్వలేదు.

రంగు ఆరగానే పటం మాడ్రిడ్‌కు ప్రయాణమైంది. అక్కడ రాణి ఇసబెల్ ఉంది. జులై చివర లేరిదా లొంగిపోయింది. మాడ్రిడ్‌లో ఉన్న కాటలోనియా వాళ్లు, అంటే రాజు పక్షాన నిలిచినవాళ్లు, ఆ గెలుపును పండగ చేసుకోవాలనుకున్నారు. ఆగస్టు 10న సాన్ మార్టిన్ చర్చిలో బంగారు జరీ పందిరి కట్టి, దాని కింద ఈ పటాన్ని పెట్టారు. జనం వచ్చి చూశారు. రాజు ఇంకా యుద్ధభూమిలోనే ఉన్నాడు, ఆయన తరఫున పటం పండగ జరిపించుకుంది. అదే ఏడాది అక్టోబరులో రాణి కన్నుమూసింది.

ఆ పందిరిని గమనించాలి. ఉత్త బొమ్మకు పందిరి వేయరు. సముద్రానికి అవతల స్పెయిన్ ఏలిన లిమా లాంటి నగరాలకు రాజు ఏనాడూ వెళ్లలేదు. కొత్త రాజు గద్దె ఎక్కాడని కబురు రాగానే అక్కడ నడివీధిలో వేదిక కట్టి, రాజు పటాన్ని నిలబెట్టి, దాని ముందు పెద్దలంతా విధేయత ప్రమాణం చేసేవారు. మన ఊళ్లలో ఉత్సవమూర్తి వీధిలోకి వస్తే గర్భగుడిలోని స్వామే వచ్చినట్టు హారతి పడతాం కదా, అచ్చం అలాగన్నమాట.

ఇంకో ముచ్చట కూడా చెప్పాలి. ఈ నాలుగో ఫిలిప్ తాత, రెండో ఫిలిప్, యువరాజుగా ఉన్నప్పుడు ఇంగ్లండు రాణి మేరీతో పెళ్లి మాటలు నడిచాయి. అప్పుడు, 1553లో, పెళ్లికొడుకు పటాన్ని పంపింది అతని మేనత్త, హంగరీ రాణి మేరీ. టిషియన్ గీసిన పటం అది. మరీ దగ్గర నుంచి చూడొద్దు, కాస్త దూరం నుంచి చూస్తేనే పోలిక తెలుస్తుంది, పెళ్లికొడుకు వచ్చాక పటం తిరిగి ఇచ్చెయ్యాలి అని షరతులు కూడా పంపింది. ఇంటి ఆడబిడ్డకు వంశం పరువు ఎంత ముఖ్యమో, ఆ పరువు ఎక్కడ ఎలా నిలబెట్టాలో ఆమెకు ఎంత బాగా తెలుసో ఈ చిన్న సంగతి చెబుతుంది.

తెలుగు నేల మీద కూడా తర్వాతి కాలంలో రాజుల రూపాలు నిలిచాయి. తిరుమలలో కృష్ణదేవరాయలు ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలబడ్డ లోహ విగ్రహాలున్నాయి. ఎవరు ఎవరో పేర్లు కూడా చెక్కించారు. గోలకొండ చిత్రకారులు సుల్తానులనూ మొగలాయిలనూ కాగితం మీద గీసి ఆల్బములుగా కూర్చేవారు. డచ్చివాళ్లు వాటిని కొని పట్టుకెళ్లారు. ఆమ్‌స్టర్‌డామ్ మేయరు నికొలాస్ విట్సెన్ దగ్గరికి చేరిన అలాంటి ఆల్బమ్ ఒకటి అక్కడి రైక్స్ మ్యూజియంలో భద్రంగా ఉంది. అవన్నీ ఆనక సంగతులు. కాకతీయుల కాలంలో ఆ పని రాయి చేసింది.

ఇక బయ్యారం రాతిని చెక్కించిన ఆ రాజుగారి చెల్లెలు మైలమ దగ్గరికి వద్దాం. శాసనాల్లో మైలాంబ అని కూడా కనబడుతుంది. మహాదేవరాజు కూతురు, గణపతిదేవుడి తోబుట్టువు. తల్లి బయ్యమాంబ. ఆమె పేరుమీదే బయ్యారం వెలిసిందని చెప్పుకుంటారు. కాకతీయులకు సామంతులైన నతవాడి వంశంలో రుద్రుడికి మైలమను ఇచ్చారు.

ఆ ఇంటి ఆడబిడ్డ చూసిన రోజులు మామూలువి కావు. పెదనాన్న రుద్రదేవుడు మహా పరాక్రమశాలి, 1163లో అనుమకొండలో వేయిస్తంభాల గుడి కట్టించినవాడు. ఆయన తర్వాత తండ్రి మహాదేవుడు గద్దె ఎక్కి నిండా మూడేళ్లయినా ఏలకుండానే దేవగిరి యాదవుల మీదికి దండెత్తి యుద్ధంలో నేలకూలాడు. అన్నను శత్రువులు పట్టుకుపోయారు. రాజ్యం తల లేని మొండెమైంది. సామంతులు తలో దిక్కు లాగుతుంటే రేచర్ల రుద్రుడనే సేనాని దాన్ని విచ్చిపోకుండా కాపాడాడు. ఆ రుద్రుడే 1213లో పాలంపేటలో రామప్ప గుడి కట్టించాడు. కాకతీయ రాజ్యభారాన్ని మోసినవాడినన్న బిరుదును అక్కడి శాసనంలో సగర్వంగా చెప్పుకున్నాడు కూడా. దేవగిరి వాళ్లు ఎందుకో మనసు మార్చుకుని గణపతిని విడిచిపెట్టాక గానీ ఓరుగల్లు ఊపిరి పీల్చుకోలేదు.

ఇదంతా జరిగిన ఇరవై ఏళ్లకు మైలమ చెరువు తవ్వించింది. దానికి ధర్మకీర్తి సముద్రం అని పేరు పెట్టింది. కాకతీయుల కాలంలో చెరువు తవ్వించడం సప్తసంతానాల్లో ఒకటి. కొడుకును కనడం, కావ్యం రాయించడం, గుడి కట్టించడం, తోట వేయించడం, అగ్రహారం ఇవ్వడం, నిధి దాచడం, చెరువు తవ్వించడం, ఈ ఏడూ మనిషి పేరును అతని తర్వాత కూడా నిలబెడతాయని నమ్మేవారు. పేరు సంగతి అటుంచితే, ఆ చెరువులే ఈ నేలకు కూడు పెట్టాయి. పాకాల, రామప్ప, లక్నవరం, ఇవన్నీ రెండు గుట్టల మధ్య సందును కట్టతో మూసి వాననీటిని ఆపిన చెరువులు. ఈ ఎర్రనేలల్లో వాన పడ్డ రోజే నీళ్లు పల్లానికి పారిపోతాయి. కట్ట వేసి ఆపితేనే రెండో పంటకు ఆశ. బయ్యారం పెద్దచెరువు ఈనాటికీ మడులకు నీళ్లిస్తోంది. మంచి వానలు పడి మత్తడి దుంకిందంటే చుట్టుపక్కల ఊళ్ల జనం చూడటానికి వస్తారు.

చెరువు తవ్వించినవాళ్లు శాసనం వేయిస్తారు. అది వాడుకే. అందులో దాత పేరు, దాత వంశం గురించి నాలుగు మంచి మాటలు, తేదీ, దానం వివరాలు ఉంటాయి. మైలమ ఆ నాలుగు మాటల దగ్గర ఆగలేదు. మెట్టింటి ఊళ్లూ బిరుదులూ ఎన్ని చెప్పుకోవచ్చో అన్నీ ఉండగా, పుట్టింటి చరిత్రను మొదటి మనిషి నుంచి తవ్వి తీసింది.

వెన్నరాజుతో మొదలవుతుంది ఆ వరస. దుర్జయుల కులంలో పుట్టినవాడు, కాకతి అనే పురం నుంచి ఏలినవాడు. ఆ పురం వల్లనే తర్వాతి వాళ్లు కాకతీశులయ్యారు. అతని వెనక వరసగా ముగ్గురు గుండలు. ఒకే పేరుతో ముగ్గురు వస్తే వినేవాడికి గజిబిజి. అందుకని రచన చేసిన కవి ఒక చమత్కారం చేశాడు. పరశురాముడు, దశరథరాముడు, బలరాముడు అని ముగ్గురు రాములున్నట్టే ముగ్గురు గుండలున్నారన్నాడు. ఆ తర్వాత ఎర్ర. ఆపైన నాలుగో గుండ, అంటే పిండిగుండ. అటుపైన గరుడ బేత. ఇక్కడి నుంచి మనకు తెలిసిన దారే. మొదటి ప్రోలుడు, కేసరితటాకం తవ్వించినవాడు. రెండో బేత, త్రిభువనమల్లుడు. రెండో ప్రోలుడు, రుద్రుడు, మహాదేవుడు, గణపతి. ఇంతమంది ఒక్క రాతి మీద బారులు తీరారు. ఎవరి గుర్తు వాళ్లకు పెట్టి, ఎవరినీ తలకు మించి పొగడకుండా, ఒక కుటుంబం మొత్తాన్ని నిలబెట్టి గీసిన పటం ఇది.

ఎక్కడ నిలబెట్టిందో కూడా చూడాలి. ఓరుగల్లు కోటలో పెడితే కొలువుకు వచ్చే సామంతులు చూసేవారు. గుడిలో పెడితే భక్తులు చూసేవారు. చెరువు పక్కన పెడితే తూము ఎత్తడానికి వచ్చేవాడు, మడి తడుపుకునేవాడు, కట్ట మీద బండి తోలేవాడు, అందరూ దాని పక్క నుంచే పోవాలి. అందరికీ చదువు రాకపోవచ్చు. కానీ ఈ నీళ్లు ఎవరివల్ల వచ్చాయో, వాళ్ల పుట్టిల్లు ఏదో ఊళ్లో ఒకరు చదివి చెబితే చాలు. మాడ్రిడ్‌లో జరీ పందిరి చేసిన పనిని ఇక్కడ చెరువు కట్ట చేసింది.

తండ్రి తెగిపడి, అన్న చెరలో ఉండి, ఇల్లు ఆరిపోతుందా అన్న భయంలో బతికిన మనిషి, కుదుటపడ్డాక చేసిన పని ఇది అని నేను చదువుకుంటాను. ఫ్రాగాలో ఫిలిప్‌కు ఉన్న అవసరమే ఇక్కడా ఉంది. మేం ఉన్నాం, మాకు ముందు ఇంతమంది ఉన్నారు, రాజ్యం నిలిచే ఉంది అని పదిమందికీ తెలియాలి. ఒకచోట చిత్రకారుడు ఎర్ర అంగీతో చెప్పిన మాటను ఇంకోచోట ఆడబిడ్డ తాతముత్తాతల పేర్లతో చెప్పింది.

అన్నగారు వేయించిన రాజపటాన్ని దీని పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. పాతికేళ్ల తర్వాత వచ్చిన మోటుపల్లి శాసనంలో కాకతీయ వంశం సూర్యుడి దాకా పోతుంది. మనువు, ఇక్ష్వాకువు వస్తారు. కరికాల చోళుడు వేటకు వచ్చి కాకతి దగ్గర విడిది చేశాడని కూడా చెబుతారు. పరదేశి వర్తకుల ముందు, తీరాంధ్ర రాజుల ముందు నిలబడే చక్రవర్తికి అంత గొప్ప వంశం కావలసి వచ్చింది. అది తప్పని అనను. ఏ రాజపటమైనా అలాగే నిలబడుతుంది. చెల్లెలు మాత్రం ఇంట్లో పెద్దవాళ్లు చెప్పుకునే పేర్లు చెప్పింది. వెన్న, గుండ, ఎర్ర, బేత. నాకు ఈ పేర్లే ఎక్కువ నచ్చుతాయి. సూర్యవంశం ఏ రాజుకైనా దొరుకుతుంది. పిండిగుండ ఇంకొకరి ఇంట్లో దొరకడు.

ఈ కుటుంబ పటంలో ఒక మూల ఖాళీని ఇంకొక ఆడమనిషి కథ పూరిస్తుంది. జనగామ ప్రాంతంలో గూడూరు ఉంది. అక్కడ విరియాల వాళ్లు వేయించిన శాసనం 1124 నాటిది. తెలంగాణలో దొరికిన తొలి తెలుగు వృత్తపద్యాలు అందులో ఉన్నాయి. విరియాల ఎర్ర భార్య కామసాని, తండ్రి పోయి దిక్కులేకుండా ఉన్న గరుడ బేతను వెంటబెట్టుకుని చాళుక్య చక్రవర్తి దగ్గరికి పోయి, అనుమకొండ సీమను ఇప్పించిందని ఆ శాసనం చెబుతుంది. కాకతీయులు కాకతి వదిలి అనుమకొండకు వచ్చింది అలా. పిల్లవాడిని ముందు పెట్టుకుని చక్రవర్తి కొలువులో నిలబడ్డ ఆ కామసానిని ఏ చిత్రకారుడైనా గీస్తే బాగుండును. ఆమె చేసిన మేలును ఆమె వంశం వాళ్లు రాయించుకున్నారు గనుక బతికింది. మైలమ తన పుట్టింటి వాళ్ల మేలు తానే రాయించింది.

తర్వాత వచ్చిన కాకతీయ పాలకులకు ఇతరులు చేసిన రూపాలున్నాయి. చివరి ప్రభువు ప్రతాపరుద్రుడి కోసం విద్యానాథుడు ప్రతాపరుద్రీయం అనే అలంకార గ్రంథమే రాశాడు. నాయకుడి లక్షణం చెప్పాలన్నా, ఉపమకు ఉదాహరణ ఇవ్వాలన్నా, ప్రతి శ్లోకంలోనూ రాజే. రాజు చుట్టూ ఒక శాస్త్రమంతా తిరుగుతుంది. రుద్రమదేవికి నల్లగొండ ప్రాంతపు చందుపట్లలో ఒక శాసనం ఉంది. 1289 నవంబరులో పువ్వుల ముమ్మడి అనే బంటు, రుద్రమదేవికీ ఆమె సేనాని మల్లికార్జున నాయకుడికీ శివలోకప్రాప్తి కలగాలని భూమి దానం చేశాడు. రుద్రమ ఎప్పుడు పోయిందో మనకు తెలిసింది ఆ మామూలు బంటు వల్లనే. వరంగల్ దగ్గరి బొల్లికుంటలో దొరికిన రెండు శిల్పాలు ఆమెవేనని 2017లో కేంద్ర పురావస్తు శాఖ అధికారి ప్రకటించారు. ఒకదాంట్లో గుర్రం మీద రాజఠీవితో ఉంది, రెండోదాంట్లో అలసి వాలిపోయి ఉంది, దగ్గర్లో యముడి దున్న. ఆ రెండో శిల్పం లాంటి రాజపటం స్పెయిన్‌లో గీయించేవాళ్లు కాదు. అలసి ఒరిగిన రాజును చూపించడానికి అక్కడి కుంచె ఒప్పుకోదు. ఇక్కడి ఉలి చూపించింది.

బయ్యారం రాయి విలువ తెలిసింది మాత్రం ఇరవయ్యో శతాబ్దంలో. అంతకుముందు కాకతీయుల కథ గరుడ బేత దగ్గరే మొదలయ్యేది. అంతకు వెనక చీకటి. ఆ చీకట్లో ఒక్క దీపం మాత్రం ఉండేది. నందిగామ ప్రాంతంలో మంగల్లు అనే ఊళ్లో దొరికిన రాగిరేకులు. 956 ప్రాంతంలో తూర్పు చాళుక్య రాజు దానార్ణవుడు ఇచ్చిన దానపత్రం అది. కాకర్త్య గుండ్యన అడిగితే దొమ్మన అనే బ్రాహ్మణుడికి ఊరు దానం చేశాడు. గుండ్యన కోసం దొమ్మన ఒక వ్రతం పట్టినందుకు ప్రతిఫలం. ఆ రేకుల్లో గుండ్యన తండ్రి, తాత, ముత్తాతల పేర్లు ఉన్నాయి. ముత్తాత గుండియ, తాత ఎరియ. రాష్ట్రకూట అన్న మాట వాళ్ల పేర్ల వెనక ఉంది. ఈ కాకర్త్య వాళ్లు ఓరుగల్లు కాకతీయులేనా, లేక వేరే ఎవరైనా సేనానుల కుటుంబమా అన్నది పండితుల మధ్య తేలకుండా ఉండిపోయింది. రాగిరేకులకూ ఓరుగల్లుకూ మధ్య వంతెన లేదు.

మైలమ రాయి ఆ వంతెన. పురావస్తు శాఖలో శాసనాల పని చేసిన పి.వి. పరబ్రహ్మశాస్త్రి లాంటివాళ్లు ఈ శాసనాన్ని రాగిరేకుల పక్కన పెట్టి చదివారు. రాగిలో గుండియ ఉన్నచోట రాతిలో మూడో గుండ. రాగిలో ఎరియ, రాతిలో ఎర్ర. రాగిలో గుండ్యన, రాతిలో పిండిగుండ. తీరాంధ్రలో ఒక పరాయి రాజు రాయించిన పేర్లూ, రెండున్నర శతాబ్దాల తర్వాత ఎక్కడో బయ్యారంలో ఇంటి ఆడబిడ్డ గుర్తుపెట్టుకుని చెక్కించిన పేర్లూ ఒకదానికొకటి అతికాయి. ఒకరి మాట ఇంకొకరు విని రాసే వీలు లేదు. రెండూ నిజమైతే తప్ప అలా అతకవు. కాకతీయులు రాష్ట్రకూటుల కొలువులో సేనానులుగా తెలుగు నేలకు వచ్చినవాళ్లన్న వాదానికి గట్టి ఆధారం దొరికింది ఇలాగే. 1978లో అచ్చయిన శాస్త్రిగారి కాకతీయుల చరిత్ర గ్రంథంలో వంశవృక్షం వెన్న దాకా పోయిందంటే బయ్యారం పుణ్యమే.

బయ్యారం పేరు ఇటీవలి కాలంలో ఎక్కువగా వినబడింది ఇనుము గురించి. రాష్ట్ర విభజన చట్టం 2014లో ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం పెట్టే సాధ్యాసాధ్యాలు చూస్తామన్నప్పుడు అందరి కళ్లూ ఈ గుట్టల్లోని ఇనుపరాయి మీదే పడ్డాయి. 2016లో మండలం ఖమ్మం నుంచి మహబూబాబాద్ జిల్లాలోకి వచ్చింది. ఇనుము మీద వచ్చిన పేచీలూ, ఆశలూ పత్రికల నిండా ఉన్నాయి. ఫ్రాగా రాజపటాన్ని 1911లో కొన్న హెన్రీ క్లే ఫ్రిక్ కూడా బొగ్గూ ఉక్కూ వ్యాపారంలో గడించినవాడే. ఆ డబ్బుతో కొన్న పటానికి భవనం, దీపాలు, కాపలా, మరమ్మతు చేసే నిపుణులు అన్నీ ఉన్నాయి. మన రాతికి కూడా అంత మర్యాద దక్కాలి. చెరువు చూడటానికి వచ్చే పిల్లలకు ఈ కథ తెలుగులో చెప్పే ఒక పలక, వంశవరస చూపే ఒక పటం పెట్టడానికి ఉక్కు కర్మాగారం వచ్చేదాకా ఆగనక్కర్లేదు.

రాయినీ రాగినీ పక్కపక్కన పెట్టినప్పుడు ఒక పేరు మాత్రం అతకలేదు. రాగిరేకుల ప్రకారం ఎరియకూ గుండ్యనకూ మధ్య ఇంకో తరం ఉంది. బేతియ అని ఎరియ కొడుకు, గుండ్యన తండ్రి. మైలమ రాతి మీద ఎర్ర తర్వాత నేరుగా పిండిగుండే. చెప్పుకోదగ్గ విజయమేదీ బేతియ సాధించలేదు గనుక వదిలేసి ఉంటారని శాస్త్రిగారు అనుకున్నారు. వెలాస్కెజ్ రాజు ముఖంలో అలసట వదిలేసినట్టే కుటుంబ పటంలో గెలుపు లేని మనిషిని వదిలేశారన్నమాట. 956 నాటి ఆ రేకుల మీద మాత్రం బేతియ పేరు చెక్కుచెదరకుండా ఉంది. పక్కనే అతని భార్య వంద్యాంబ పేరు కూడా.